అప్‌డేట్: మా గినీ పిగ్‌కి డాక్టర్ దొరికారు

మా బుజ్జిది మేత మానేసింది, విజయనగరం దగ్గర్లో గినీ పిగ్స్‌ గురించి తెలిసిన డాక్టర్ ఉన్నారా అని పోయిన వారం అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. అంతకుముందు ఊళ్లో చూపించిన ఆయన అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ రాశారు, నోటి ద్వారా వేస్తే అది వీటి పొట్టలోని మంచి బ్యాక్టీరియాని చంపేసి ప్రాణం మీదికి తెస్తుందట, నయం, వెయ్యలేదు. గరివిడిలో డాక్టర్ మేడమ్ మొదట దాని నోరు తెరిచి వెనక పళ్లు చూశారు, పెరిగిపోయి నాలుకకి గుచ్చుకుంటున్నాయి. వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి, మేమేమో పెల్లెట్లూ క్యారెట్లూ పెట్టి మురిసిపోయాం. పళ్లు అరగదీశారు. విటమిన్ సి కోసం రోజూ క్యాప్సికమ్ ముక్క పెట్టమన్నారు. నిన్నటి నుంచి తింటోంది, తెల్లారకుండానే కీచుకీచుమని లేపేసింది కూడా.