అప్‌డేట్: రెండు సీట్ల కారులో నాలుగు ట్రాక్ చక్రాలు పట్టాయి

తిరుపతి నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి నా పాత బీఎండబ్ల్యూ జెడ్4లో ట్రాక్ మీద వేసుకునే నాలుగు అదనపు చక్రాలు ఎలా తీసుకెళ్లాలని అడిగాను కదా, వెళ్లొచ్చాను. సలహా ఇచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్.

చక్రాలను పక్క సీటు వైపు పెట్టే ఉపాయమే పనిచేసింది. 225/45 ఆర్17 సైజు టైరుతో చక్రం వ్యాసం 63 సెంటీమీటర్లే. సీటులో రెండు, కాళ్ల దగ్గర ఒకటి, డిక్కీలో ఒకటి. కారు టాప్ (పైకప్పు) మడిస్తే డిక్కీలోకే వస్తుంది, కాబట్టి అక్కడ చక్రం ఉన్నంతసేపు టాప్ మడవకండి.

నాకు టెన్షన్ పెట్టింది బరువు. ఒక్కోటి దాదాపు 20 కిలోలు, బ్రేక్ కొడితే ముందుకు దూసుకొస్తాయని టైర్ల షాపాయన గట్టిగా చెప్పాడు. కింద దుప్పటి పరిచి, సీటు బెల్టును స్పోకుల్లోంచి దూర్చి, పైన ఇంకో పట్టీ బిగించాను. పుత్తూరు, నగరి స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా కదల్లేదు. సీటులో బరువుంటే బెల్టు పెట్టమని మోగే బీప్ కూడా బెల్టు పెట్టేసరికి ఆగింది.

సీటు విప్పడం, ట్రైలర్ అవసరమే పడలేదు.