సముద్రపు గాలి తగిలే ఇంట్లో గోడకు ఇత్తడి రేకు, హాలుకు లోహపు సీలింగ్ వేయించవచ్చా?

ప్రశ్న:
విశాఖపట్నంలో తీరానికి దగ్గరగా, మూడో అంతస్తులో ఉన్న మా ఫ్లాటుకు ఇంటీరియర్ పని మొదలుపెడుతున్నాము. పూజగది వెనుక గోడకు పెంబర్తి పనివారి చేత లతలు, హంసలు తీర్చిన ఇత్తడి రేకు బిగించాలనీ, హాలులో జిప్సానికి బదులు లోహపు ఫాల్స్ సీలింగ్ వేయించాలనీ మా కోరిక. అయితే ఏటా రంగు వేయిస్తున్నా బాల్కనీ గ్రిల్లుకు తుప్పు ఆగడం లేదు. ఇత్తడి మెరుపు నిలుస్తుందా, లోహపు సీలింగ్ వల్ల హాలు వేడెక్కుతుందా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
నమస్కారమండీ. గ్రిల్లును చూసి ఇత్తడికి భయపడనవసరం లేదు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం కనుక ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు; నల్లబడుతుంది, ఉప్పుగాలికి అక్కడక్కడ పచ్చని చిలుము పడుతుంది. రేకును శుభ్రం చేసిన వెంటనే పారదర్శకమైన లాకర్ (lacquer, వార్నిష్ వంటిది) పూత వేయించండి. ఆ సమయంలో చేతి తొడుగులు లేకుండా ముట్టుకుంటే వేలిముద్రలు పూత కింద ఉండిపోయి, కొన్ని నెలలకు గోధుమరంగు మచ్చలుగా పైకి తేలతాయి. పూత వేసిన రేకును చింతపండుతో తోమకూడదు, మెత్తని తడిగుడ్డతో తుడిస్తే చాలు. మేకులు, మరలు కూడా ఇత్తడివే వాడించండి. ఇత్తడికి ఆనుకున్న ఇనుప మర తేమ తగిలితే మామూలుకన్నా త్వరగా తినేసుకుపోతుంది. ఒక మిల్లీమీటరు మందమున్న రేకు చదరపు మీటరుకు సుమారు 8.5 కిలోలు తూగుతుంది కాబట్టి జిగురు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వెనుక నుంచి కొట్టి ఉబ్బెత్తుగా తీర్చిన బొమ్మలు లోపల బోలుగా ఉంటాయి, నొక్కితే సొట్టపడతాయి. పిల్లల చేతికి అందే ఎత్తులో సాదా రేకు ఉంచి, బొమ్మలను పైభాగంలో పెట్టించడం మేలు.

రెండవ సమాధానం:
సీలింగ్ విషయంలో నా ఓటు అల్యూమినియానికే. అదే మందానికి ఉక్కు బరువులో మూడో వంతు మాత్రమే ఉంటుంది, పైగా తుప్పు బెడద లేదు. జింకు పూత ఉన్న ఇనుప రేకు చవకే గాని, కోసిన అంచుల దగ్గర పూత ఉండదు, తీరప్రాంతంలో తుప్పు అక్కడే మొదలవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ఇళ్లకూ దుకాణాలకూ విరివిగా వేసిన అచ్చుపోసిన రేకు సీలింగులు కూడా ఎక్కువగా పలుచని ఉక్కు రేకులే. సున్నపు నగిషీలా కనిపించాలని వాటికి తెల్లరంగు వేసేవారు. ఆ రంగు పోయి తడి తగిలితే అవీ తుప్పుపట్టేవి.

మీ పైన మరో అంతస్తు ఉంటే వేడి గురించి దిగులు వద్దు. ఆలోచించవలసింది శబ్దం గురించి. చదునైన లోహానికి మాట, టీవీ శబ్దం తగిలి తిరిగి గదిలోకే వస్తాయి. చిన్న రంధ్రాలున్న పలకలు తీసుకుని, వాటి వెనుక శబ్దాన్ని పీల్చే పొర పరిపించండి. ఏసీ చల్లగాలి నేరుగా పలకలకు తగిలితే విశాఖ ఉక్కపోతలో వాటి మీద నీటిబొట్లు కడతాయి, గాలి దిశ మార్చించండి. పలకలలో దీపాలు అమర్చేటప్పుడు లోహపు చట్రానికి ఎర్తింగ్ ఇచ్చారో లేదో దగ్గరుండి చూసుకోండి.

మూడవ సమాధానం:
బంగారు రంగు పూతతో వచ్చే స్టెయిన్‌లెస్ స్టీలు కూడా చూపిస్తారు. తీసుకునేటట్లయితే 304 రకం కాకుండా, మాలిబ్డినమ్ అనే లోహం కలిసిన 316 రకమే అడగండి. ఉప్పుగాలికి 304 మీద టీ మరకల వంటివి పడతాయి. పూజగదికి మాత్రం నేను ఇత్తడినే కోరుకుంటాను, ఎందుకంటే స్టీలు మీద పూత గీసుకుపోతే దాన్ని ఇంట్లో బాగుచేసుకోలేము; ఇత్తడికైతే పాత లాకర్ తీయించి, మెరుగు పెట్టించి, మళ్లీ పూత వేయించుకోవచ్చు. దీపారాధన కుందులను మాత్రం రేకుకు ఒక మూరెడు దూరంలో ఉంచండి, మసికీ సెగకూ లాకర్ పసుపుబారుతుంది.