ప్తుయ్: ‘స్లొవేనియాలో అతి పురాతన పట్టణం’ అన్న పేరు నిలుస్తుందా?

వంతెనదారి:

నేను ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఉంటాను. పోయిన శనివారం మారిబోర్ మీదుగా రైల్లో ప్తుయ్ వెళ్ళి వచ్చాను. డ్రావా నది ఒడ్డున, కోట కొండకు ఆనుకుని, ఎర్ర పెంకుల ఇళ్ళతో ఒదిగి ఉన్న చిన్న ఊరు. దిగింది మొదలు అందరి నోటా ఒకటే మాట: దేశంలో ఇంతకంటే పాత పట్టణం లేదని. దానికి వారు చెప్పే లెక్క క్రీ.శ. 69. ఆ ఏడాది రోమన్ సింహాసనం కోసం అంతర్యుద్ధం జరుగుతుండగా, సింహాసనానికి పోటీపడుతున్న వెస్పాసియన్ పక్షం సేనానులు పొయెటోవియోలో, అంటే ఇప్పటి ప్తుయ్‌లో, పదమూడవ లెజియన్ అనే సేనాదళపు శీతాకాలపు విడిదిలో కలుసుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ తన చరిత్రలో రాశాడు. ఆగాలా, వెంటనే ఇటలీ మీదికి కదలాలా అని అక్కడే వాదించుకున్నారు. ఆలస్యం చేయవద్దని పట్టుబట్టినవాడు ఆంటోనియస్ ప్రైమస్.

ఆ బిరుదు ప్తుయ్‌కి తగినదేనని నా నమ్మకం. కానీ 69ని చూపి అడగడం మాత్రం తప్పనిపిస్తోంది. అది పుట్టిన తేదీ కాదు, ఎవరో రాసినప్పుడు పేరు దొర్లిన తేదీ. పైగా అది సైన్యం విడిది. ఊరికి కొలోనియా, అంటే ఉన్నత స్థాయి రోమన్ నగరం, హోదా వచ్చింది ట్రాజన్ చక్రవర్తి కాలంలో. ఆ తర్వాతే అది అసలైన నగరమైంది. బాల్టిక్ తీరం నుంచి ఆడ్రియాటిక్ వైపు అంబర్ (శిలాజంగా మారిన చెట్టు బంక) తీసుకొచ్చే బాట డ్రావాను దాటేది ఇక్కడే. ఇల్లిరికమ్ అనే విశాల రోమన్ ప్రాంతమంతటి సుంకాల వ్యవహారం నడిపిన కార్యాలయం కూడా ఇక్కడే ఉండేది. రేవు ఉన్నచోట సుంకం, సుంకం ఉన్నచోట లెక్కలు రాసేవారు, వారి వెంట వారి దేవుళ్ళు. నది అవతల హైదినాలో 1898లో బయటపడిన మిత్రాస్ అనే రోమన్ కాలపు దేవుడి ఆలయం ఆ సుంకాల సిబ్బంది కట్టించుకున్నదే. దాన్ని తవ్విన చోటే ఉంచి, చుట్టూ చిన్న కట్టడం కట్టి కాపాడుతున్నారు.

మీరేమంటారు?

శిలాక్షరం:

బిరుదే నిలవదంటాను. లిఖిత ఆధారమే కొలమానమైతే రాజధాని ల్యుబ్ల్యానా ముందుంది. అక్కడి రోమన్ నగరం ఎమోనాలో దొరికిన నిర్మాణ శాసనపు ముక్క క్రీ.శ. 14–15 నాటిది. ఇంకా నౌపోర్టుస్, అంటే నేటి వ్ర్హ్నికా ఉంది. అగస్టస్ చక్రవర్తి చనిపోయిన క్రీ.శ. 14లోనే తిరగబడిన సైనికులు దాన్ని దోచుకున్నారని రాసింది కూడా ఆ టాసిటసే. ఒకే రచయిత మాటను ప్తుయ్ విషయంలో నెత్తిన పెట్టుకుని, నౌపోర్టుస్ దగ్గరికి వచ్చేసరికి పక్కన పెట్టడం ఏ న్యాయం? హోదా సంగతి చూసినా సెల్యే పట్టణం (రోమన్ పేరు సెలేయా) ముందుంది. క్లాడియస్ చక్రవర్తి కాలంలోనే, ట్రాజన్‌కు అర్ధ శతాబ్దం ముందే, దానికి మునిసిపియం, అంటే స్వపాలన గల పట్టణం, హోదా దక్కింది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అయిదో శతాబ్దం మధ్యలో హూణుల దాడి తర్వాత పొయెటోవియో కూలిపోయింది. తర్వాత అవార్లనే సంచార జాతి, స్లావులు వచ్చారు. నాలుగు వందల ఏళ్ళ పాటు ఇక్కడ పట్టణం అనదగ్గది ఉన్నట్టు గట్టి ఆధారం లేదు. మళ్ళీ స్పష్టంగా పేరు కనిపించేది 874లో, జాల్త్స్‌బుర్గ్ ఆర్చిబిషప్ ఇక్కడ ఒక చర్చిని ప్రతిష్ఠించినప్పుడు. మధ్యలో అంత ఖాళీ పెట్టుకుని వయసు మాత్రం మొదటి నుంచి లెక్కపెట్టడం సరికాదు.

రేవుమాట:

శిలాక్షరం గారూ, ఆ ఖాళీ పూర్తిగా ఖాళీ కాదు. పొయెటోవియో, ప్తుయ్ అని ఒకసారి వెంట వెంటనే పలికి చూడండి. కొత్తగా వచ్చిన స్లావులకు ఆ పేరు రాళ్ళు చెప్పలేదు. అప్పటికి అక్కడ మిగిలి ఉన్న మనుషులు చెప్పారు. ఊరు గుడిసెల గుంపుగా కుంచించుకుపోయి ఉండవచ్చు, కానీ పేరు నోటి నుంచి నోటికి అందింది. ఎమోనాను చూడండి, రోమన్ పేరు పోయి ల్యుబ్ల్యానా అనే వేరే పేరు వచ్చింది. నన్నడిగితే శాసనం కంటే పేరు బలమైన సాక్షి.

శిలాక్షరం:

ఆ వాదన నాకూ నచ్చింది. కానీ సెలేయా కూడా సెల్యేగా అలాగే నిలిచింది కదా! పేరు నిలవడమే ప్రమాణమైతే సెల్యేకూ అంతే హక్కు ఉంది.

వంతెనదారి:

సెల్యే విషయం ఒప్పుకుంటున్నాను. అందుకే తేదీని పట్టుకుని వేలాడవద్దంటున్నాను. ఊరి నడుమ స్లొవేన్స్కి త్ర్గ్ అనే చౌకులో నేను ఎక్కువసేపు నిలబడింది ఒక రాయి ముందు. గ్రీకు పురాణాల్లోని గాయకుడు ఓర్ఫియస్ పేరిట దాన్ని ఓర్ఫియస్ శిల అంటారు. పొహోర్యే కొండల తెల్ల పాలరాయి, దాదాపు అయిదు మీటర్ల ఎత్తు, మందం మాత్రం జానెడు జానెడున్నర. రెండో శతాబ్దంలో ఈ నగర పాలకుల్లో ఒకరైన మార్కస్ వాలేరియస్ వేరుస్ స్మారకంగా నిలిపిన సమాధి శిల. పైన ఓర్ఫియస్ లైర్ అనే తీగల వాద్యం వాయిస్తుంటే చుట్టూ జంతువులు చేరి వింటుంటాయి. అడుగున శాసనం ఉండాల్సిన చోట ఒక్క అక్షరం కూడా కూడబలుక్కోలేకపోయాను.

ఎందుకంటే మధ్యయుగంలో దీన్నే బొండకొయ్యలా వాడారు. కింది భాగంలో ఇనుప కడియాలు బిగించి, నేరస్థులను కట్టి, నడి చౌకులో నిలబెట్టి అవమానించేవారు. పాటతో మృత్యులోకాన్నే కరిగించినవాడి బొమ్మ కింద మనుషులను గొలుసులతో కట్టారన్న ఆలోచన నన్ను ఇంకా వదలలేదు. ఈ రాయి మ్యూజియంలో పదిలంగా దాచిన వస్తువు కాదు. ప్రతి తరమూ తన అవసరానికి వాడుకుంది, అరగదీసింది, కానీ పారేయలేదు. ఊరి వయసుకు నేను చూపే ఆధారం ఇదే.

కొండకింద:

ఇక్కడి ఉత్సవ వేషగాళ్ళైన కురెంత్‌లను మరిచారు. ఫిబ్రవరిలో గొర్రెతోలు వేసుకుని, నడుముకు బరువైన గంటలు కట్టుకుని, చలికాలాన్ని తరిమేందుకు ఇంటింటికీ తిరుగుతారు. క్రైస్తవానికి ముందు నుంచి తెగకుండా వస్తున్న ఆచారమట. ఇంతకంటే కొనసాగింపు ఏం కావాలి?

శిలాక్షరం:

ఆచారం అందమైనది, 2017లో యునెస్కో జాబితాలో చేరింది కూడా. కానీ క్రైస్తవానికి ముందు నుంచి అన్నది ఊహ మాత్రమే. పట్టణంలో జరిగే కురెంతోవాన్యే ఉత్సవం మొదలైంది 1960లో. గంటల చప్పుడు పొయెటోవియో దాకా వెళ్ళదు.

ద్విభాషి:

ఇంత పొడవు చర్చలో ‘ఎవరి’ పురాతన పట్టణం అని ఒక్కరూ అడగలేదు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ ఊరిని ‘పెట్టావ్’ అనే జర్మన్ పేరుతో పిలిచేవారు. ఊరి లోపల అత్యధికులు జర్మన్ మాట్లాడేవారు, చుట్టూ పల్లెల్లో స్లొవేనులు. 1908 సెప్టెంబరులో సిరిల్–మెథోడియస్ సంఘం అనే స్లొవేన్ విద్యాసంస్థ ఇక్కడ మహాసభ పెట్టుకుంటే, వచ్చినవారి మీద జర్మన్ జాతీయవాదులు దాడి చేశారు. వారం తిరక్కుండా ఆ నిప్పు ల్యుబ్ల్యానాకు పాకింది. అక్కడ సైన్యం కాల్పుల్లో ఇద్దరు యువకులు చనిపోయారు. 1945 తర్వాత ఇక్కడి జర్మన్ జనాభా దాదాపుగా మిగల్లేదు. మీరు చెప్పిన ఆ చౌకుకు స్లొవేన్ల చౌకు అనే పేరు కూడా ఈ కథలో భాగమే. ‘స్లొవేనియాలో అతి పురాతనం’ అనే మాటలో పురాతనం రోమ్‌ది, స్లొవేనియా నిన్నటిది. మధ్యలో ఏడెనిమిది శతాబ్దాలు ఇళ్ళు కట్టినవారిలో, మఠాలు నిలిపినవారిలో, వ్యాపారం చేసినవారిలో చాలామందిని ఆ వాక్యం మింగేస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

రేవుమాట:

మీ బాధ న్యాయమైనదే ద్విభాషి గారూ. కానీ ఆ మధ్యకాలపు మనుషులు కూడా రోమ్‌ను తమదిగానే చూసుకున్నారు. 1830లో సిమోన్ పొవోదెన్ అనే ఇక్కడి మతాధికారి, ఊళ్ళో చెల్లాచెదురుగా పడి ఉన్న రోమన్ రాళ్ళను ఏరించి, ఓర్ఫియస్ శిల వెనకున్న గోపురం గోడల్లో పొదిగించారు. స్లొవేనియా గడ్డ మీద తొలి ఆరుబయటి మ్యూజియం అదే. ఇప్పటికీ గోడ పక్కనే నడుస్తూ చూడవచ్చు.

వంతెనదారి:

ద్విభాషి గారూ, 1908 సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే చౌకులో మరో చూపుతో నిలబడేవాణ్ణి. నేను చూసినంతలో ఊరి పర్యాటక కరపత్రంలోనూ ఆ ఊసే లేదు.

ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. రోమన్ నగరం నదికి రెండు వైపులా ఉండేది, రాతి వంతెన ఉండేది. డ్రావా దారి మార్చుకుంది, వంతెన పోయింది, నగరం పోయింది. మళ్ళీ మనుషులు వచ్చి కట్టుకుంది ఎక్కడ? ఆ కొండ కిందే, ఆ రేవు దగ్గరే. పన్నెండో శతాబ్దంలో జాల్త్స్‌బుర్గ్ ఆర్చిబిషప్ కోట కట్టించింది ఆ దాటు మీద కన్నేసి ఉంచడానికే. 1376లో పట్టణం తన చట్టాన్ని రాసుకునే నాటికీ బతుకు నది దాటే సరుకు మీదే.

శిలాక్షరం:

రేవు వాదన ఒప్పుకుంటాను. అయితే కరపత్రంలో 69 పక్కన 874 కూడా వేయమనండి. కోట కొండ మీద తవ్వకాల్లో బయటపడ్డ 10, 11 శతాబ్దాల స్లావుల సమాధుల గురించి ఒక వాక్యం రాయమనండి. అప్పుడు బిరుదు మీద నాకు గొడవ లేదు.

ద్విభాషి:

1908 కూడా.