"తుది నలోకంబగు": ఆ 'న' పొట్టిదా, పొడుగుదా?

గోదారిగట్టు
మూడు రోజులుగా ఒక్క అక్షరం నిద్ర పట్టనివ్వడం లేదు. పోతన గజేంద్రమోక్షంలో పెంజీకటి పద్యం. కరెంటు పోయిన ప్రతిసారీ మా తాతయ్య అరుగు మీద కూర్చొని ఎత్తుకునేవారు. ఆయన నోట విన్నది విన్నట్టు రాస్తున్నాను:

లోకంబులు లోకేశులు
లోకస్థులు తెగిన తుది నాలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

మొన్న మా పాపకు నేర్పిద్దామని పుస్తకం తీస్తే అందులో "నలోకంబగు" అని ఉంది. తాతయ్య మాత్రం దీర్ఘం తీసే అనేవారు, నాకు బాగా గుర్తు. ఇది అచ్చుతప్పా, పాఠభేదమా, నా చెవి తప్పా? ఇంకొక్క సంగతి. చివరి తొమ్మిదేళ్ళు ఆయనకు చూపు లేదు. నీటికాసులు (గ్లాకోమా).

అరసున్న
పాఠభేదమూ కాదు, అచ్చుతప్పూ కాదు. రెండో పాదం విడదీసి చూసుకోండి: లోకస్ / థులుఁ దెగి / నఁ దుది న / లోకం / బగు పెం. గగ, నలం, నలం, గగ, సగణం. కందంలో గణానికి నాలుగే మాత్రలు. మొదటి పాదంలోని మూడింటితో కలిపితే ఇక్కడి మూడోది ఆరో గణం, అది నలమో జగణమో అయి తీరాలి. అక్కడ 'నా' పెడితే అయిదు మాత్రలవుతాయి, కందం కుంటుతుంది. "తుదిన్ + అలోకంబు". ఇందులో చర్చకు చోటే లేదు.

పోతే, మీరు రాసిన పద్యంలో "లోకస్థులుఁ దెగినఁ దుది", "వెలుఁగు" దగ్గర మూడు అరసున్నలూ, రెండు సరళాదేశాలూ ('త' కాస్తా 'ద' కావడం) ఎగిరిపోయాయి. "నెవ్వం" దగ్గర నిండుసున్న మాత్రం సరిగ్గా పెట్టారు, సంతోషం.

కొత్తిమీర
చిన్నప్పుడు నేను "కవ్వలు" అంటే గువ్వల్లాంటి పక్షులనుకున్నాను. పెంజీకటి కవ్వలు. పెద్ద చీకట్లో ఎగిరే పక్షులన్నమాట. ఎనిమిదో తరగతిలో మాస్టారు "పెంజీకటికిన్ + అవ్వల" అని విడదీసేసరికి పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ దిగులు ఇంకా ఉంది.

చెదలు తినని పుస్తకం
గణం సంగతి తేలింది కాబట్టి అసలు పేచీకి వద్దాం. 'అలోకం' అంటే ఏమిటి? మూలంలో వ్యాసుడు "తమస్తదాసీద్గహనం గభీరం, యస్తస్య పారేఽభివిరాజతే విభుః" అన్నాడు. పోల్చి చూడండి. 'పారే' అవ్వల అయింది, 'అభివిరాజతే' వెలుఁగు అయింది, 'లోకేషు పాలేషు' లోకంబులు లోకేశులు అయింది. గహనం, గభీరం అనే రెండు బరువైన విశేషణాలను మాత్రం పోతన వదిలేసి, మూలంలో లేని 'అలోకం' తెచ్చి పెట్టాడు. ఊరికే పెట్టడు కదా!

నా లెక్కలో ఇది లోకాలోక పర్వతం. పంచమ స్కంధంలో వర్ణన ఉంది: ఆ కొండకు ఇవతల సూర్యుడి వెలుగు పడుతుంది, అవతల పడదు. ఆ పడని వైపే అలోకం. రఘువంశంలో దిలీపుడు తన బతుకు ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి అంటూ "లోకాలోక ఇవాచలః" అని చెప్పుకున్నదీ ఈ కొండ గురించే. పోతనకు ఈ సంప్రదాయం కొట్టిన పిండి.

అరసున్న
పంచమ స్కంధాన్ని తెలుగు చేసింది పోతన గారు కాదు, గంగన. పోతన గారి మనసులో ఏముందో చెప్పడానికి గంగనను సాక్షిగా పిలవడం న్యాయం కాదు. అయినా లోకాలన్నీ తెగిపోయాక లోకాలోక పర్వతం మాత్రం దేని మీద నిలబడిందండీ?

చెదలు తినని పుస్తకం
గంగన సంగతి నాకు తెలియదనుకున్నారా? దశమ స్కంధానికే వెళ్దాం. ఒక బ్రాహ్మణుడి చనిపోయిన బిడ్డలను తేవడానికి కృష్ణార్జునులు రథమెక్కి లోకాలోకం దాటుతారు. అవతల ఎలాంటి చీకటంటే శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, బలాహకం నాలుగు గుర్రాలూ దారి తప్పుతాయి. అప్పుడు కృష్ణుడు చక్రాన్ని ముందు నడిపిస్తాడు. ఆ చీకటికి అవతల ఉన్న వెలుగు కనబడగానే అర్జునుడు ఏం చేశాడు? రెండు కళ్ళూ మూసుకున్నాడు! పక్షి కన్ను ఒక్కటే కనబడుతోందన్న మనిషి! చీకట్లో పనికిరాని చూపు దాని అవతలా పనికిరాలేదు. "పెంజీకటి కవ్వల" అంటే ఇది కాక మరేమిటి?

పర్వతం నిలబడకపోతే పోనివ్వండి. పేరు నిలబడుతుంది.

పాలకుర్తి బాట
మీరంతా సంస్కృతం వెనక పడి తెలుగును వదిలేశారు. "పెంజీకటి" వంక చూడండి. పెను చీకటి. చిమ్మచీకటి, కటికచీకటి, కారుచీకటి అన్నీ ఉండగా ఆయన ఏరుకున్నది పరిమాణం చెప్పే మాట. ఎంత నలుపో చెప్పలేదు, ఎంత పెద్దదో చెప్పాడు. బమ్మెర పొలాల్లో అమావాస్య రాత్రి నిలబడితే ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. నేను నిలబడ్డాను.

అరసున్న
ఒంటిమిట్ట వారు ఇది చదవకముందే ఆ ఆఖరి రెండు వాక్యాలు తీసేయండి. పోతన గారి ఊరు ఒంటిమిట్టా, ఓరుగల్లా అంటూ పోయిన ఏడాది ఏకశిలానగరం చర్చ పదకొండు రోజులు సాగింది.

ఘటపటం
ఇంతమంది చీకటి గురించి మాట్లాడుతూ, అది ఒక వస్తువా కాదా అని ఎవరూ అడగకపోవడం వింతగా ఉంది. "నల్లని చీకటి కదులుతోంది" అంటాం కాబట్టి దానికి రంగూ చలనమూ ఉన్నాయి, అది పదో ద్రవ్యం అని భాట్ట మీమాంసకుల వాదం. ద్రవ్యాలు తొమ్మిదే, చీకటి అంటే తేజస్సు లేకపోవడమే అని మా నైయాయికుల, అంటే తార్కికుల, మాట. కుండను చూడాలంటే కంటికి ఆలోకం, అంటే వెలుగు, తోడు కావాలి. చీకటిని చూడడానికి ఆ తోడు అక్కరలేదు. దీపం పట్టుకొని వెళ్ళి చీకటిని చూసినవాడు లేడు. కాబట్టి ఇక్కడ అలోకం అంటే 'ఆలోకం లేనిది' అని నా అభిప్రాయం. తాతగారి దీర్ఘం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

అరసున్న
ఆలోకం లేనిది కావాలంటే 'అనాలోకం' అవుతుంది. పద్యంలో ఆ మాట లేదు. తర్కం ఎంత గట్టిదైనా వ్యాకరణం ఇంటి గడప దాటేటప్పుడు చెప్పులు విడవాలి.

నా మాట సూటిగా చెబుతాను. "లోకృ" ధాతువుకు చూడడం అని అర్థం. చూడబడేది లోకం. చూడబడనిది అలోకం. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి అని మన ఇళ్ళల్లో అంటారే, అదే. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని మూడుసార్లు మోగించి, నాలుగోసారి అదే ధాతువును తిరగేశాడు. యతి కూడా సరిగ్గా ఆ 'లో' మీదే పడింది చూడండి.

ఘటపటం
చూడబడనిది అయితే చీకటి అని ఎలా తెలిసింది మాస్టారూ? చీకటి కంటికి తెలుస్తుంది. చెవితో వినో, చేత్తో తడిమో "చీకటిగా ఉంది" అనం. కనబడేదాన్ని పట్టుకొని కనబడనిది అంటున్నారు.

అరసున్న
పోతన గారిని అడగండి.

రాత్రిడ్యూటీ
దుర్భిణితో రాత్రుళ్ళు గడిపేవాణ్ణి కాబట్టి ఒక మాట. పూర్తి చీకటి గదిలో పావుగంట కూర్చుంటే కంటికి కనబడేది నలుపు కాదు, ఒక రకమైన మసక బూడిదరంగు. వెలుగు లేకపోయినా కన్ను తనంతట తాను ఏదో చెబుతూనే ఉంటుంది. ఇంకా ముందుకు వెళ్తే, విశ్వం పుట్టాక దాదాపు 3,80,000 ఏళ్ళ వరకు వెలుగు ఉన్నా దూసుకుపోవడానికి దారి లేదు. ఆ తర్వాత తొలి నక్షత్రాలు వెలిగేదాకా కోట్ల ఏళ్ళు చీకటి. మనం ఎంత దూరం చూసినా ఆ చీకటి యుగానికి అవ్వల కనబడేది ఒక వెలుగు గోడే. దాని వెనక్కి ఏ కాంతీ తీసుకెళ్ళలేదు. ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

చెదలు తినని పుస్తకం
మన వాళ్ళకు ఒక కందం దొరికితే చాలు, మహావిస్ఫోటనం దాకా పోతారు. అది మొదట్లోని చీకటి, ఇది తుదినాటి చీకటి. మొదట్లోది కావాలంటే ఋగ్వేదంలో నాసదీయ సూక్తం ఉంది: "తమ ఆసీత్ తమసా గూళ్హమగ్రే". అక్కడ కూడా చివరికి ఋషి "వాడికి తెలుసేమో, వాడికీ తెలియదేమో" అని వదిలేశాడు. దుర్భిణి వాళ్ళకే తొందర.

రాత్రిడ్యూటీ
పోతన చెప్పాడని నేను అనలేదండీ. ఒళ్ళు జలదరించింది అన్నాను. దానికి కూడా పాఠభేదం చూడాలా?

కొత్తిమీర
గోదారిగట్టు గారూ, వీళ్ళను ఇలా వదిలేయండి. మా నాన్నకూ నీటికాసులే. చూపు పూర్తిగా పోయాక ఒకరోజు అడిగాను, "అంతా నల్లగా ఉంటుందా నాన్నా?" అని. "నల్లగా ఎందుకుంటుంది? నీ వీపు వెనక నీకు నల్లగా ఉందా?" అన్నారు. నేను తెలియకుండానే వెనక్కి తిరగబోయాను. నిజంగానే, మన వెనక చీకటిగా ఉన్నట్టు ఎప్పుడూ అనిపించదు. అక్కడ చూపు లేదు, అంతే. అలోకం అంటే అరసున్న మాస్టారు చెప్పినదానికన్నా మా నాన్న చెప్పిందే నాకు దగ్గరగా ఉంది.

ఇంకొకటి. మీ తాతయ్య గారు అన్నది "ఆలోకం" కాకపోవచ్చు. "తుది, నా లోకంబగు పెంజీకటి" అని ఆయన విడదీసుకొని ఉంటే? నా లోకమైన పెంజీకటి.

గోదారిగట్టు
కొత్తిమీర గారూ, మీ వాక్యం చదివి ఫోను పక్కన పెట్టి కాసేపు బయట తిరిగి వచ్చాను.

ఒక సందేహం మాత్రం ఉంది. నాకు కందం నేర్పింది తాతయ్యే. వేళ్ళ కణుపుల మీద మాత్రలు లెక్కపెట్టించి, తప్పితే తొడపాశం పెట్టేవారు. ఆరో గణంలో అయిదు మాత్రలు ఆయనకు తెలియకుండా దొర్లవు.

అరసున్న
గానంలో హ్రస్వం సాగడం మామూలే. రాగం తీసేటప్పుడు 'న' మీద ఊపిరి నిలిపి ఉంటారు. పిల్లవాడి చెవికి అది 'నా' అయింది. పెద్దాయన ఛందస్సు తెలిసినవారు అంటున్నారు కాబట్టి ఆయన మీద గణభంగం మోపడానికి నాకు మనసొప్పదు.

పాలకుర్తి బాట
తెలిసే భంగం చేశాడేమో, మాస్టారూ? ఏనుగు కూడా ఇంత స్తుతి చేసి, ఇంత నమ్మకంగా "నే సేవింతున్" అని, కొన్ని పద్యాలు దాటగానే "కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో" అనలేదా! పెంజీకటి అవతల వెలిగేవాణ్ణి వర్ణించిన నోరే ఉన్నాడా లేడా అని అడిగింది. కాలు మొసలి నోట్లో ఉన్నప్పుడు ఎవరికైనా లెక్క తప్పుతుంది. అందుకే పోతన అంటే నాకు ప్రాణం. అనుమానాన్ని కూడా కందంలోనే పెట్టాడు, ఒక్క మాత్ర జారకుండా.

ఘటపటం
అదే నేనూ అంటున్నది. 'కలఁడందురు' అన్నది శబ్దప్రమాణం. నలుగురూ చెప్పగా విన్నది. మూడుసార్లు 'అందురు' అని చెప్పి, నాలుగోసారి సంశయం. ప్రత్యక్షం పనిచేయదు, అనుమానం (గుర్తును బట్టి ఊహించి తేల్చుకోవడం) పనిచేయదు, ఆప్తవాక్యం చాలదు. ఇక మిగిలింది...

చెదలు తినని పుస్తకం
మిగిలింది ఈ చర్చ. జైనుల అలోకాకాశం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. వాళ్ళ లెక్కలో జీవులూ, పుద్గలమనే జడపదార్థమూ ఉన్నంత మేర లోకాకాశం, దాని చుట్టూ అంతులేని అలోకాకాశం. అక్కడ కదలడానికి ఆధారమే లేదు. ముక్తి పొందిన జీవుడు కూడా లోకం అంచు దగ్గరే ఆగిపోతాడు. ఓరుగల్లు ప్రాంతంలో ఒకప్పుడు జైనం బాగా ఉండేది. ఆలోచించండి.

అరసున్న
ఆలోచించాను. అలోకాకాశంలో ఎవరూ ఉండరు. పద్యంలో అవ్వల ఒకడు వెలుగుతున్నాడు. పొసగదు.

గోదారిగట్టు
ఇంటికి ఫోను చేశాను. "నా అనే అనేవారు. కళ్ళు బాగున్న రోజుల్లోనూ అలాగే అనేవారు, వాళ్ళ నాన్న గారి దగ్గర అలా నేర్చుకున్నారట" అంది అమ్మ. కొత్తిమీర గారి మాట అక్కడితో పోయిందనుకున్నాను. రాత్రి పిన్ని ఫోను చేసి, "అక్కకేం తెలుసు, అది పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చాకే నాన్న దీర్ఘం తీయడం మొదలుపెట్టాడు. నేను ఒకసారి తప్పని చెబితే నవ్వి ఊరుకున్నాడు" అంది. ఇప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదు.

పాపకు మాత్రం 'న' అనే నేర్పాను. అది పాడేటప్పుడు తనంతట తానే సాగదీస్తోంది.

అరసున్న
పాపకు అరసున్నలు కూడా చెప్పండి.

రాత్రిడ్యూటీ
ఇంత మాట్లాడారు, "ఏకాకృతి" వంక ఒక్కరూ చూడలేదు. ఒకే ఆకారంతో వెలుగుతాడని ఇక్కడ అంటాడు. వెంటనే తర్వాతి పద్యంలో "నర్తకుని భంగిఁ బెక్కగు మూర్తులతో నెవ్వఁ డాడు" అంటాడు. రెండూ ఎలా కుదురుతాయి?

చెదలు తినని పుస్తకం
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. మూలంలో 'యథా నటస్య' అని ఉంది, అక్కడి నుంచి మొదలుపెడదాం. గంగన గారిని పిలవనని మాస్టారికి ముందే మాట ఇస్తున్నాను.