వరదలో తడిసిన పెట్టెలో దొరికిన రెండు ఇనుప మరలు ఏమిటి? పాత డబుల్ రైఫిల్ గురించి సలహా కావాలి

సింగ్‌నగర్ కోడలు:

నమస్కారం. మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. నా వయసు అరవై నాలుగు. లెక్కల పంతులమ్మగా పనిచేసి విరమించాను. తుపాకుల సంగతి పుట్టింట్లో ఎరగను, పెళ్లయ్యాకే తెలిసింది.

మా మామగారికి ఒక ఇంగ్లీషు డబుల్ రైఫిల్, అంటే రెండు గొట్టాల వేట తుపాకి, ఉండేది. ఆయన తండ్రి రాజమండ్రిలో కలప కంట్రాక్టరు. 1947లో దేశం వదిలి వెళ్తున్న ఒక దొర దగ్గర దానిని కొన్నారట. మారేడుమిల్లి వైపు అడవిదున్నల మీద వాడారని విన్నాను. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మామగారు దానిని ఒక్కసారి కూడా పేల్చలేదు. కానీ నెలకోసారి విప్పి తుడిచేవారు. చూపు మందగించాక ఆ పని నాకు అప్పగించి, పక్కన కుర్చీలో కూర్చుని, "ఇనుము మీద వేలిముద్ర పడనివ్వకమ్మా" అంటూ ఉండేవారు. పాత ధోవతి గుడ్డ, కుట్టుమిషను నూనె, అంతే. ఇరవై రెండేళ్లు తుడిచాను. ఒకసారి బియ్యం కాటాలో పెట్టి చూస్తే ఐదు కిలోలు తూగింది. రెండు గొట్టాల మధ్య పట్టీ మీద వెస్ట్‌లీ రిచర్డ్స్ అని, లండన్ చిరునామా, .476 అని చెక్కి ఉన్నాయి.

2024 ఎన్నికలకు ముందు లైసెన్సు ఆయుధాలన్నీ అప్పగించమంటే మా వారు దానిని ఊళ్లో ఒక లైసెన్సు దుకాణంలో జమ చేశారు. జూలైలో ఆయన పోయారు. సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు మా వీధిలోకి వచ్చింది. తుపాకి దుకాణంలో క్షేమంగానే ఉంది కానీ, దాని తోలు పెట్టె మా మంచం కింద నాలుగు రోజులు బురద నీళ్లలో మునిగిపోయింది. ఎండబెట్టి దాచాను. మొన్న లోపలి ఎర్ర గుడ్డ ఊడివస్తుంటే దాని వెనుక చిన్న అర కనిపించింది. అందులో నూనె గుడ్డలో చుట్టిన రెండు మరలు ఉన్నాయి. అరచేతిలో పట్టేంత పరిమాణం, గడియారం లోపలి భాగంలా ఉన్నాయి. ఒకటి కుడిచేయి అయితే రెండోది ఎడమచేయి అన్నట్టున్నాయి. తుప్పు పట్టాయి. ఏమిటివి? పారేయవచ్చా?

ఇంకో సంగతి. గొట్టాలను మరిగే మందు తొట్టెలో ముంచితే ఒక్క పూటలో కొత్త నలుపు వస్తుందని, ఇనుము మీది మచ్చలు ఉప్పుకాగితంతో తీసేస్తానని దుకాణం ఆయన అంటున్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, అక్కడ సేకరించేవాళ్లు దీనికి లక్షలు ఇస్తారు, పంపించమంటున్నాడు. నాకు రెండు మాటల మీదా నమ్మకం కుదరడం లేదు.

పాత నూనెడబ్బా, గుంటూరు:

అమ్మా, పారేయకండి. ముందు ఆ దుకాణానికి ఫోను చేసి, నేను చెప్పేదాకా దానిని ముట్టుకోవద్దని చెప్పండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

చేశారా? సరే. కొత్తపేటలో మా నాన్న, నేను కలిపి యాభై ఏళ్లకు పైగా తుపాకులు బాగుచేశాం. మీరు చెప్పిన మరలను నేను జీవితంలో రెండుసార్లే చేత పట్టుకున్నాను. అవి మీ రైఫిల్ అదనపు లాకులు. లాకు అంటే ట్రిగ్గర్ నొక్కగానే తూటాను కొట్టే సుత్తి, స్ప్రింగు, వాటి అమరిక అంతా. మామూలు తుపాకిలో దానిని బయటికి తీయాలంటే మరమేకులు విప్పాలి. బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్‌లీ రిచర్డ్స్ వాళ్లు 1897లో ఒక కొత్త పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. తుపాకి అడుగున ఒక రేకు మూత ఉంటుంది. మీట నొక్కి దానిని తెరిస్తే లాకులు చేతికే వచ్చేస్తాయి, పనిముట్టు అక్కరలేదు. అడవిలో స్ప్రింగు విరిగితే వేటగాడు గుడారంలోనే కొత్త లాకు పెట్టుకునేవాడు. అందుకే డబ్బున్న దొరలు ఇంకో జత చేయించుకుని పెట్టెలో ఉంచుకునేవారు. తుపాకి మిగిలి అదనపు జత పోవడమే ఎక్కువగా జరిగేది. మీ బురద పెట్టె దానిని కాపాడింది.

ఇప్పుడు నలుపు సంగతి. లెక్కల పంతులమ్మ కాబట్టి మీకు తేలికగా అర్థమవుతుంది. డబుల్ రైఫిల్ గొట్టాలు సమాంతర రేఖలు కావు. కొసల వైపు కాస్త దగ్గరకు వస్తాయి. కుడి గొట్టం పేలినప్పుడు తూటా ఇంకా లోపల ఉండగానే తుపాకి పైకీ కుడికీ తన్నుతుంది. ఎడమది పేలితే ఎడమకు. ఆ తన్ను ముందే లెక్కలో వేసుకుని గొట్టాలను లోపలికి వంచి టంకం పెడతారు. పేల్చి చూస్తారు, తూటాలు వేరువేరు చోట్ల పడితే టంకం కరిగించి, కొసల మధ్య ఉన్న మేకును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ పేలుస్తారు. రెండూ ఒకేచోట పడేదాకా ఇదే పని. ఒకే రకం తూటాకు మాత్రమే ఆ లెక్క సరిపోతుంది. మీ దానికి 520 గ్రెయిన్ల తూటా, అంటే 34 గ్రాముల దగ్గర. ఇంగ్లీషు డబుల్ రైఫిల్ ఖరీదులో చాలా భాగం ఈ ఓపికకే. లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్ల రాయల్ రకం కొత్త డబుల్ రైఫిల్ కొనాలంటే ఈనాడు మన డబ్బులో కోటి దాటుతుంది.

ఆ మరిగే మందు కాస్టిక్ ఉప్పు. అది టంకాన్ని తినేస్తుంది. పైకి నల్లగా మెరుస్తుంది, లోపల గొట్టాలు పట్టు వదులుతాయి. ఇంగ్లీషు వాళ్ల నలుపు నిజానికి తుప్పే. పల్చగా తుప్పు పట్టించి, నీళ్లలో ఉడికించి, దువ్వి, మళ్లీ పట్టించి, రోజుల తరబడి చేస్తారు. ఇక ఉప్పుకాగితం తగిలితే చెక్కడం అరిగిపోతుంది, బర్మింగ్‌హామ్ పరీక్షశాల వేసిన కిరీటం ముద్రలు పోతాయి. సేకరించేవాడు మొదట చూసేది వాటినే. పాత మచ్చకు ధర తగ్గదు, కొత్త మెరుపుకు తగ్గుతుంది.

ఇంతకీ ఆ మచ్చలు ఎక్కడున్నాయి?

సింగ్‌నగర్ కోడలు:

ఫోను చేశానండీ. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. మచ్చలు గొట్టాలు మడిచే చోట, రెండు పక్కలా గుండ్రంగా ఉంటాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ప్రతి మహర్నవమికి ఆయుధపూజ చేసి తడి పసుపు, కుంకుమ బొట్టు పెట్టేదాన్ని.

పాత నూనెడబ్బా, గుంటూరు:

అనుకున్నాను. మా దుకాణానికి ఏటా దసరా వెళ్లిన వారానికి అవే బొట్లు వచ్చేవి. ఈసారి బొట్టు పెట్టెకు పెట్టండి. అమ్మవారు ఏమీ అనుకోరు.

కొండవీటి చరిత్ర మాస్టారు:

పట్టీ మీద తూటా కొలతగా .476 అని ఉండటం వెనుక ఒక కథ ఉంది. 1898లో ఇంగ్లీషు తుపాకుల సంస్థ రిగ్బీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటాను తీసుకువచ్చింది. నల్లమందు పోయి పొగ రాని కార్డైట్ మందు వచ్చాక పెద్ద మృగాల వేటకు అదే ప్రమాణమైంది. 1907 ప్రాంతంలో ప్రభుత్వం ఇండియాలోకి .450 కొలత రైఫిళ్లు, తూటాలు రాకుండా నిషేధించింది. కారణం వేట కాదు. సైన్యం వాడి వదిలేసిన .577/450 మార్టినీ హెన్రీ తుపాకులు సరిహద్దుల్లో తిరుగుతుండేవి, వాటికి ఈ తూటాలు పనికొస్తాయని భయం. ఇండియా అంటే ఇంగ్లీషు తుపాకుల వాళ్లకు పెద్ద అంగడి. అందుకని ఒక్కొక్కరు ఒక్కో కొత్త కొలత కనిపెట్టారు. హాలండ్ వాళ్లు .465, జోసెఫ్ లాంగ్ .470, జెఫ్రీ .475 రెండో నంబరు, వెస్ట్‌లీ రిచర్డ్స్ .476. కాబట్టి మీ రైఫిల్ 1907కు ముందుది కాదు. కలకత్తాలో గీసిన ఒక నిబంధన మారేడుమిల్లి దున్నకు తగిలిందన్నమాట.

ఆకుపచ్చ కొండపల్లి:

చంపే వస్తువు మీద ఇంత మురిపెం ఎందుకో నాకు అర్థం కాదు. కరిగించేస్తే పోయేదిగా. గోడ మీద కొమ్ములు కూడా ఉన్నాయేమో, వాటి మాట చెప్పరేం?

సింగ్‌నగర్ కోడలు:

ఉన్నాయి బాబూ, ఒక జత. ఇలాంటివి ఉన్నవాళ్లు చెప్పుకోవాలన్న గడువు లోపలే మామగారు 2003లో అటవీశాఖకు చెప్పి కాగితం తీసుకున్నారు. అది నా దగ్గర ఉంది. ఆ కొమ్ములను చూసినప్పుడల్లా నాకూ మనసు బాగుండదు. కానీ లాకు చేసిన మనిషి దున్నను చంపలేదు కదా. ముప్పై ఎనిమిదేళ్లు బల్లల మీద కాంపాసుతో గీతలు గీసే పిల్లలను చూశాను నేను. వెంట్రుకవాసి పని చేతితో చేసిన వాడి మీద నాకు మురిపెమే.

అరండల్‌పేట వకీలు:

అమ్మా, రైఫిల్ కంటే కాగితాలు తొందర. లైసెన్సు మీ వారి పేరున ఉంది కనుక, ఆయన పోయినప్పటి నుంచి దానిని ఇంట్లో ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. దుకాణంలో జమ అయి ఉండటం మీ అదృష్టం. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ కోరేది అదే. అయితే జమ చేసిన ఆయుధాన్ని గడువులోగా తీసుకోకపోయినా, అమ్మకపోయినా ప్రభుత్వపరం అవుతుంది. రసీదు తీసి ఈ రోజే తేదీ చూడండి.

2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే వీలుంది. విజయవాడలో పోలీసు కమిషనర్‌కు దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదని ప్రమాణపత్రం జత చేయాలి. మీ అబ్బాయి అక్కడి భారత కాన్సులేటులో సంతకం చేసి పంపవచ్చు. పాతది కదా, లైసెన్సు ఎందుకని కొందరు చెబుతారు, వినకండి. 45వ సెక్షన్ మినహాయింపు బాగుచేసినా పేలని వాటికి మాత్రమే. మీది నూనె వేస్తే పేలుతుంది.

అమెరికా సంగతి మరచిపోమనండి. ఆయుధాల ఎగుమతికి విడిగా లైసెన్సు కావాలి. పైగా వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుగా లెక్క తేలితే 1972 పురావస్తు చట్టం కింద ప్రైవేటు మనిషి దేశం దాటించనే కూడదు. అమ్మదలిస్తే ఇక్కడే, లైసెన్సు ఉన్నవారికే. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నుంచి దాదాపు ఆగిపోయింది కనుక కొనేవారు ఉంటారు.

ఇంకొకటి. చట్టం దృష్టిలో తుపాకి భాగాలు కూడా ఆయుధమే. ఆ లాకులను కూడా దుకాణానికి తీసుకెళ్లి రసీదులో రాయించండి. మిగిలిన తూటాలు ఏమైనా ఉంటే అవి కూడా.

పాత నూనెడబ్బా, గుంటూరు:

వకీలుగారి మాట సబబు. తీసుకెళ్లే ముందు మీరు ఒక్క పని చేయండి. లాకులను మెత్తని గుడ్డతో తుడిచి, వాటి రేకు లోపలి వైపు భూతద్దంతో చూడండి. చిన్న అంకెలు ఉంటాయి. రైఫిల్ నంబరు కాగితాల్లో ఉంటుంది. రెండూ ఒకటైతే ఆ జత ఈ తుపాకి కోసమే చేతితో అమర్చినది. ఏ లాకు పడితే ఆ లాకు పట్టదు. సుత్తిని మాత్రం వేలితో లాగవద్దు, తుప్పు స్ప్రింగు విరిగితే అలాంటిది చేసేవాడు నాకు తెలిసి మన జిల్లాల్లో లేడు.

సింగ్‌నగర్ కోడలు:

చూశాను. మనవడి భూతద్దం, దీపం పెట్టుకుని గంటసేపు. ఒకదాని మీద అంకెలన్నీ కనిపించాయి, లైసెన్సు పుస్తకంలో ఉన్నవే. రెండోదాని మీద చివరి రెండు తుప్పు కింద ఉన్నాయి, ముందువి సరిపోయాయి. రసీదు గడువు ఇంకా ఉంది, వకీలుగారికి కృతజ్ఞతలు. తూటాలు ఏడు ఉన్నాయి, మా వారు తుపాకితోనే జమ చేశారట. రేపు రెండు లాకులూ తీసుకెళ్తున్నాను. నూనెడబ్బాగారూ, దుకాణంలో వాటిని కిరోసిన్‌లో నానబెట్టించవచ్చా?

పాత నూనెడబ్బా, గుంటూరు:

కిరోసిన్ మంచిదే. గాజు సీసాలో, వారం రోజులు, ఎవరూ కదపకుండా. తర్వాత తుడిచి పల్చని నూనె. మరమేకులు విప్పుతానంటే ఒప్పుకోవద్దు. ఇంగ్లీషు మరమేకు గాడి సన్నం, మామూలు స్క్రూడ్రైవరు పెడితే తల చితికిపోతుంది. నేను వచ్చే గురువారం బెజవాడ వస్తున్నాను, నా పనిముట్లు తెచ్చుకుంటాను. పెట్టెను ఎండలో పెట్టకండి, తోలు పగులుతుంది. నీడలో, మూత తెరిచి.