‘ఎయిట్ మైల్స్ హై’లో రాగం ఉందా?

పాతరికార్డు: 1966లో అమెరికా రాక్ బృందం బర్డ్స్ విడుదల చేసిన ‘ఎయిట్ మైల్స్ హై’కి ‘రాగా రాక్’ అని పేరొచ్చింది. ఆ పేరు దానికి తగినదే. అంతకుముందు టూర్‌లో వీళ్లు ఒకవైపు సితార్ విద్వాంసుడు రవిశంకర్, ఇంకోవైపు జాజ్ శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్‌ట్రేన్ ఉన్న టేపు అరిగిపోయేలా విన్నారు. ఆ ప్రభావం పాటంతా వినిపిస్తుంది.

తంబూరశ్రుతి: ముందు ఏ రాగమో చెప్పండి. సితార్ లేదు, గమకం లేదు, ఆలాపన లేదు. స్కేలు పట్టుకుని పైకీ కిందికీ పరుగెత్తితే రాగం అయిపోదు. ‘రాగా రాక్’ అన్నది రికార్డు కంపెనీ ప్రచారం. ప్రెస్‌మీట్‌లో సితార్ చూపించారు, పాటలో మాత్రం అది వినపడదు.

గాలిమర: పాట వీళ్ల లండన్ విమాన ప్రయాణం గురించి కదా, పేరులోని ఎనిమిది మైళ్లంటే 42 వేల అడుగుల పైమాటే. ఆ విమానం ఎగిరేది ఆరేడు మైళ్ల ఎత్తున.

పాతరికార్డు: గాలిమర గారూ, ‘ఎనిమిది’ చెవికి బాగుంటుందని పాట రాసినవాళ్లలో ఒకడైన జీన్ క్లార్క్ కావాలనే పెట్టాడు. తంబూర గారూ, సితార్ ఉండి తీరాలా? బృందం గిటారిస్టు రోజర్ మెగ్విన్ తన పన్నెండు తీగల రికెన్‌బాకర్ గిటార్‌ను, శబ్దంలో హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ గుండా పంపాడు. మీటిన స్వరం ఠక్కున ఆరిపోకుండా శాక్సఫోన్ ఊదినట్టు సాగుతుంది. బేస్ తర్వాత గిటార్ అందుకునే చోట నాలుగు స్వరాలు వినండి, కోల్‌ట్రేన్ వాయించిన ‘ఇండియా’లోవి. ఆ కోల్‌ట్రేన్ రవిశంకర్ మీద అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

తంబూరశ్రుతి: అయితే జాజ్ అనండి, గొడవే ఉండదు.

రేడియోప్రియ: మత్తుమందుల పాటని కొన్ని రేడియో స్టేషన్లు ఆపేశాయి. లేకపోతే అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 14వ స్థానం దగ్గరే ఆగేదా? అది వదిలేసి ఈ తగువేంటి?

గాలిమర: మెగ్విన్‌కు విమానాలంటే ప్రాణం. ఆ ‘ఎనిమిది’కి ఆయనైనా ఒప్పుకోకుండా ఉండాల్సింది.

పాతరికార్డు: తంబూర గారూ, మీకు పాట వినాలని లేదు. పరీక్ష పెట్టాలని ఉంది.

తంబూరశ్రుతి: అవును, నాకూ పెట్టారు. ఒక్క గమకం కుదరలేదని మా వీణ గురువుగారు నెలల తరబడి వర్ణం ముందుకు సాగనివ్వలేదు. పొడి స్వరాలు వాయిస్తే అందరి ముందూ ‘రాగాన్ని చంపేశావు’ అన్నారు. అవే పొడి స్వరాలు హాలీవుడ్ స్టూడియోలో వాయిస్తే రాగమా? ఎంత మండుతుందో మీకేం తెలుసు!

పాతరికార్డు: ఆ కోపం మెగ్విన్ మీద చూపించకండి. మా పెదనాన్న నా గిటార్‌ను ‘ఆ డబ్బా’ అనేవారు. మోహన వాయించినా రాగమని ఒప్పుకోలేదు. మీరంటున్నదీ అదే మాట. రాగం ఎవరి చేతిలో పలికితే ఒప్పుకుంటారు?

తంబూరశ్రుతి: నేర్చుకున్న ఎవరి చేతిలోనైనా. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ రవిశంకర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, ఆయన్ని నేనేమీ అనలేదు. వీళ్లు టేపు విన్నారు, అంతే.

పాతరికార్డు: వినడం చిన్న పనా? విన్నదాన్ని తన వాయిద్యం మీద తనకు చేతనైనట్టు వాయించాడు. గురువు దొరకనివాళ్లం అలాగే నేర్చుకుంటాం.

రేడియోప్రియ: ఆ సింగిల్ రెండోవైపు ‘వై’ అనే పాట ఉంది. అందులో గిటార్‌ను సితార్‌లా మోగించారు. ఇద్దరూ అది విని రండి, అప్పుడు వాదించుకుందాం.