నాలుగేళ్ల పిల్లలకు చంద్రకళలు చెప్పాలా? బిస్కెట్ల పని ఉంచాలా, తీసేయాలా?

ప్రీ స్కూల్ టీచర్, ఆదోని
వచ్చే నెల చందమామ వారం పెడుతున్నాం. 18 మంది పిల్లలు, మూడున్నర నుంచి ఐదేళ్ల లోపువాళ్లు. ప్లానులో మూడు పనులున్నాయి. పిండి పోసిన పళ్లెంలో గోలీలు వదిలి చందమామ మీదున్నట్టు గుంతలు చేయడం ఒకటి. క్రీమ్ బిస్కెట్లు విప్పి, స్పూనుతో గీకి నెలవంక, సగం చంద్రుడు, నిండు చంద్రుడు చేయడం రెండోది. చీకటి గదిలో బల్బు, బంతితో కళలు చూపడం మూడోది. ఈ వయసుకు కళలు ఎక్కువని కొందరు, ఇప్పుడే చూపాలని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

సైన్స్ మాస్టారు, ప్రొద్దుటూరు
బిస్కెట్లు తీసేయండమ్మా. గీకిన క్రీమ్ నోట్లోకి పోతుంది, చందమామను ఎవరో కొరుక్కుతింటున్నారన్న మాట మనసులో ఉండిపోతుంది. చంద్రుడు ఎప్పుడూ గుండ్రంగానే ఉంటాడు. ఎండ పడిన సగంలో మన వైపు ఎంత తిరిగి ఉంటే అంత కనిపిస్తుంది.

బిస్కెట్లకు బదులు తెల్ల అట్ట మీద నల్ల అట్ట జరిపే పద్ధతీ వద్దు. రెండూ ఒకే కొలత వృత్తాలైతే మిగిలేది ఎప్పుడూ కొడవలి ఆకారమే. అష్టమి నాటి తిన్నని గీత రాదు, ఏకాదశి నాటి ఉబ్బు రాదు. అది గ్రహణం బొమ్మ. భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడని పెద్ద తరగతుల్లో కూడా రాస్తున్నారంటే ఇలాంటి బొమ్మలూ ఒక కారణమే.

ఎల్‌కేజీ టీచర్, అనంతపురం
సార్, బిస్కెట్ పని ఖగోళం కోసం కాదు. వేళ్ల పట్టు కోసం, నెలవంక, సగం, నిండు అనే మూడు మాటల కోసం. ఆ రెండూ దాంతో బాగా వస్తాయి. ప్లానులో ఉన్న బల్బు పద్ధతే ఈ వయసుకు ఎక్కదు. అందులో బల్బు సూర్యుడు, చేతిలో బంతి చంద్రుడు, తన తలే భూమి అని పిల్ల అనుకుని, బంతి పట్టుకుని నిలబడ్డచోటే చుట్టూ తిరగాలి. తనను తాను బయటి నుంచి ఊహించుకోవడం నాలుగేళ్లకు రాదు. బంతిని చూడమంటే బల్బునే చూస్తారు. పైగా ఒక్కొక్కరికి 2 నిమిషాలు పెట్టుకున్నా 18 మందికి 36 నిమిషాలు. అంతసేపు మిగతావాళ్లు చీకట్లో కుదురుగా కూర్చోరు.

సైన్స్ మాస్టారు, ప్రొద్దుటూరు
తల భూమి అనుకోవడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను మేడం. అయినా చేసేవాళ్లు ఈ జాగ్రత్తలు తీసుకోండి. వైరున్న బల్బు వద్దు, చార్జింగ్ లాంతరు పిల్లల కంటి ఎత్తులో పెట్టండి. 5 సెంటీమీటర్ల థర్మాకోల్ బంతిని పెన్సిలుకు గుచ్చి, చేయి చాచి తలకంటే కొంచెం పైకి పట్టించండి. కిందికి పట్టుకుంటే తల నీడ బంతి మీద పడి పున్నమి రావలసిన చోట గ్రహణం వస్తుంది. టేబుల్ టెన్నిస్ బంతి పనికిరాదు, వెలుగు దాని లోపలికి పోయి అంచు చెదిరిపోతుంది. సున్నం కొట్టిన గోడల గదిలో వెలుగు తిరిగి వచ్చి చీకటి సగం కూడా తెల్లగా కనబడుతుంది. ఒకసారికి నలుగురు చాలు.

కళల కంటే దూరం చెప్పడం తేలిక. చీనీకాయ (బత్తాయి) భూమి అనుకుంటే పెద్ద రేగ్గాయ చందమామ, రెండింటి మధ్య టేపుతో కొలిచి ఏడడుగులు. చంద్రుడి అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు, భూమిది 12,742. దూరం సుమారు 3,84,400, అంటే 30 భూములు వరసగా పేర్చినంత. అంకెలు మనకు, ఏడడుగుల నడక వాళ్లకు.

అంగన్‌వాడీ టీచర్, గుత్తి
గుంతల పని గురించి ఎవరూ అనలేదే. అక్కా, పళ్లెం నిండా పిండి పోయొద్దు. తినే పిండి రెండు కిలోలు నేలపాలు చేసేకి మనసెట్లా వస్తుంది? ఎర్రమట్టి బాగా ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టి 2 అంగుళాల మందం పోయండి. పైన ఒక్క గుప్పెడు బియ్యప్పిండి పలచగా చల్లితే చాలు. గోలీ పడినప్పుడు ఎర్రమట్టి తెల్లదాని మీదికి చారలు చారలుగా చిమ్ముతుంది. మందం అంగుళమే ఉంటే గోలీ అడుగు రేకుకు తగిలి ఎగురుతుంది. మట్టిలో తేమ ఉంటే గుంత పడదు, గడ్డ లేస్తుంది. ముగ్గుపిండి మాత్రం వద్దు, అది రాతిపొడి, కళ్లల్లో పడుతుంది. ఫ్యాను ఆపేయండి. విసరనీయొద్దు. మోకాలి ఎత్తు నుంచి ఒకటి, భుజం ఎత్తు నుంచి ఒకటి జారవిడవమనండి, ఏది పెద్ద గుంతో వాళ్లే చెప్తారు. ఆరు గోలీలు ఇస్తే ఆరూ లెక్కపెట్టి తీసుకోండి, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

ఆకాశం చూపించే మనిషి, కడప
ఇంత చర్చలో అసలు చందమామ ఎక్కడమ్మా? ఆయన పగలు కూడా కనబడతాడు. బహుళ పంచమి నుంచి అష్టమి వరకు పొద్దున 9 గంటలకు పడమర చూడండి. పంచమి నాడు కిందుగా, అష్టమి నాటికి బాగా పైన ఉంటాడు. సూర్యుడు వీపు వైపు ఉంటాడు కాబట్టి కళ్లకు భయం లేదు. మాస్టారు చెప్పిన ఆ థర్మాకోల్ బంతినే ఎండలో నిలబడి చందమామ పక్కకు చాచి పట్టండి. ఆకాశంలో ఆయన మీద ఎండ ఏ వైపు, ఎంత మేర పడిందో బంతి మీదా అదే వైపు, అంతే మేర కనబడుతుంది. చీకటి గది అక్కర్లేదు, తల భూమి అనుకోనక్కర్లేదు.

నాలుగు రోజులూ నాలుగు చిన్న కడప బండ ముక్కల మీద సుద్దతో చూసింది చూసినట్టు గీయించండి. అచ్చు కాగితాలు ఇవ్వొద్దు. వాటిల్లో నెలవంక నిలబడి ఉంటుంది. మన ప్రాంతం 14, 15 డిగ్రీల అక్షాంశంలో ఉంది. మాఘ, ఫాల్గుణాల్లో సాయంత్రం ఇక్కడ నెలవంక పడవలా వెల్లకిలా ఉంటుంది. పిల్ల అలా గీస్తే తప్పని కొట్టేయకండి, అదే నిజం.

ఎల్‌కేజీ టీచర్, అనంతపురం
ఎండలో బంతి నాకూ నచ్చింది. బిస్కెట్ మాత్రం వదలను. కాకపోతే ఆ వారంలో కాకుండా ఆకారాల పాఠంలో పెడతాను, చందమామ పేరు ఎత్తను.

ప్రీ స్కూల్ టీచర్, ఆదోని
అయితే బల్బు తీసేస్తున్నా, మట్టి పళ్లెం, బంతి ఉంచుతున్నా. వారాన్ని బహుళ పంచమికి జరిపాను. మబ్బు పడితే?

ఆకాశం చూపించే మనిషి, కడప
ఒక్క రోజు మబ్బైతే మరుసటి రోజు చూడండి. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు కాబట్టి ఇంకా పైనే దొరుకుతాడు. వారమంతా ముసురైతే శుద్ధ సప్తమి, అష్టమి దాకా ఆగండి. అప్పుడు మధ్యాహ్నం మూడున్నరకు తూర్పున ఉంటాడు, పిల్లలు ఇంటికి పోయేలోపే చూపొచ్చు.